ఆపరేషన్ కన్నా మేజోళ్లే ఏడిపించాయి

మోకాలి మార్పిడి ఆపరేషన్ చేయించుకుని నిన్ననే ఇంటికొచ్చాను. ఆపరేషన్ గురించి చెప్పడానికేం లేదు. నడుముకి మత్తిచ్చారు, తెలిసేలోపే అయిపోయింది. మర్నాడే వాకర్ పట్టించి నాలుగడుగులు వేయించారు. ఏడిపించింది మేజోళ్లు.

ఈ ఆపరేషన్ తర్వాత కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువట. ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదకే వస్తుంది. అందుకని తొడదాకా బిగుతు మేజోళ్లు తొడిగారు. చీలమండ దగ్గర గట్టిగా, పైకి పోయేకొద్దీ వదులుగా పట్టి, రక్తాన్ని గుండె వైపు నడిపిస్తాయి. బాగానే ఉంది. కానీ నాకు కొలత తీసుకున్నది ఆపరేషన్‌కి ముందు. తర్వాత కాలు వాచింది, మేజోడు మాత్రం అదే సైజు. పై అంచు జారి చుట్టుకుపోయి, తొడకి తాడు బిగించినట్టయింది.

రాత్రి డ్యూటీ సిస్టర్ని పిలిచి, "బాగా నొక్కేస్తోందమ్మా, వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి" అన్నాను. వార్డంతా వినేలా, "కాళ్లు అంత లావుంటే మేమేం చేస్తాం? అందరూ వేసుకోవట్లేదా?" అంది. పక్క మంచం వాళ్ల చుట్టాలు కిసుక్కున నవ్వారు. ఈ వయసులో దుప్పటి ముసుగేసుకుని ఏడ్చాను.

పొద్దున డాక్టరుగారు రౌండ్స్‌కి రాగానే సిగ్గు పక్కనపెట్టి దుప్పటి తీసి చూపించాను. వెంట వచ్చిన పెద్ద సిస్టర్ టేపు తెప్పించి పిక్క, తొడ కొలిచి సైజు మార్పించింది. వాపొస్తే మళ్లీ కొలవాలని, అంచు మడత పడనివ్వకూడదని, రోజూ విప్పి మడమ దగ్గర చర్మం చూడాలని ఆ రాత్రి డ్యూటీ అమ్మాయికి అందరి ముందే చెప్పింది. నా కడుపు చల్లబడింది, దాచుకోను. నోరున్న పేషెంటుకే వైద్యం జరుగుతుంది, రాసిపెట్టుకోండి.

రక్తం కదిలేలా కాళ్లకి చుట్టి, గాలి నింపుతూ వదులుతూ నొక్కే పంపు పట్టీలు కూడా అంతే. చప్పుడవుతోందని ఎవరో ఒకరు ఆపేస్తుంటారు, మళ్లీ పెట్టమని అడగండి. మెలకువగా ఉన్నంతసేపు పాదాలు పైకీ కిందకీ ఆడించండి. పరామర్శకొచ్చి పిక్కలు పిసుకుతామనేవాళ్లని దగ్గరకి రానివ్వొద్దు. మోకాలి కింద దిండూ వద్దు.

రక్తం గడ్డకట్టకుండా ఎనాక్సాపారిన్ 40 మిల్లీగ్రాములు, రోజుకో ఇంజెక్షన్ రాశారు. బొడ్డుకి దూరంగా, ఒకరోజు ఈ పక్క, ఒకరోజు ఆ పక్క. ముందే మందు నింపి వచ్చే సిరంజిలో ఉన్న గాలిబుడగ తీసెయ్యకూడదు, పొడిచాక రుద్దకూడదు. ఇది వాడుతుండగా నొప్పి మాత్రలు సొంతంగా కొని మింగితే రక్తస్రావం కావచ్చు. ఒక్క కాలి పిక్కే వాచి వేడిగా ఉన్నా, ఉన్నట్టుండి ఆయాసమో ఛాతీ నొప్పో వచ్చినా, తెల్లారనిద్దాం అనుకోకుండా ఆస్పత్రికి పొండి.

ఇంట్లో ఇంజెక్షన్ మా కోడలే చేస్తోంది. ఆ రాత్రి సిస్టర్ కన్నా దాని చెయ్యే నయం.