నిచక్షుడి దారిలో

మా అమ్మ ఎండాకాలం సెలవుల్లో మాకు భారతం చదివి వినిపించేది. ఆమెకు డెబ్బై నిండిన ఏడాది కాశీకి వెళ్దామన్నాను. "కాశీ చూశాంగా నాయనా, ఈసారి హస్తినాపురం చూపించు" అంది.

మీరట్ నుంచి 40 కిలోమీటర్లలోపే. ఊళ్లోకి అడుగుపెట్టగానే జైన మందిరాలు, ధర్మశాలలు. తొలి తీర్థంకరుడు ఋషభదేవుడు ఏడాది ఉపవాసం తర్వాత చెరుకురసంతో పారణ చేసింది ఇక్కడేనని జైనులు నమ్ముతారు. ఇన్ని వందల ఏళ్లలో ఈ ఊరి పేరు చెదిరిపోలేదంటే, అందులో ఈ యాత్రికుల పుణ్యమూ ఉందని నా నమ్మకం.

మేం వెతుక్కుంటూ వెళ్లింది మాత్రం ఊరి పక్కనున్న పెద్ద మట్టిదిబ్బ. ఉల్టా ఖేడా అంటారు. అమ్మ చెప్పులు విప్పి ఎక్కింది. పైన గడ్డి, తుప్పలు. చాలాసేపు చుట్టూ చూసి, "కోట ఏది నాయనా?" అంది.

ఏం చెప్పాలో తోచక, చదువుకున్నది చెప్పాను. 1950 నుంచి 1952 వరకు పురావస్తు శాస్త్రవేత్త బి.బి. లాల్ ఇక్కడ తవ్వించారు. రాజభవనాలేమీ దొరకలేదు. మట్టిగోడల ఇళ్లు, మట్టి పూసిన తడికెల ఆనవాళ్లు, బూడిదరంగు మట్టిపాత్రల పెంకులు దొరికాయి. ఆ పెంకులున్న పొర మీద వరద జాడ కనిపించింది. గంగ పొంగి ఊరిని కోసేసిందని, అది క్రీ.పూ. 800 ప్రాంతమని లాల్ తేల్చారు. కురుక్షేత్ర యుద్ధం జరిగిందని ఈ పెంకులు చెప్పవు. కానీ పురాణాల్లో ఒక మాట ఉంది: జనమేజయుడి తర్వాత కొన్ని తరాలకు, నిచక్షుడనే రాజు కాలంలో గంగ హస్తినాపురాన్ని ముంచేసిందని, ఆయన కౌశాంబికి తరలిపోయాడని. వరద సంగతి పురాణమూ చెబుతోంది, మట్టీ చెబుతోంది. నాకు ఒళ్లు జలదరించింది అక్కడే.

వాన కోసిన గట్టులో ఒక పెంకు బయటికి పొడుచుకొని ఉంది. గోరంత మందం, నున్నటి బూడిదరంగు, అంచు దగ్గర రెండు నల్లటి గీతలు. అమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో మట్టి తుడిచింది. "ఎవరో ఇల్లాలు అన్నం పెట్టిన కంచమేమో" అంది. అక్కడివి తీసుకెళ్లకూడదు. ఉన్నచోటే మళ్లీ పెట్టేసింది.

దిగుతూ అడిగింది, "మరి వాళ్లు వెళ్లిన ఊరు?"

కౌశాంబి మా ప్రయాణంలో లేదు. అయినా ఆ రాత్రే ప్రయాగరాజ్ రైలెక్కాం. టికెట్లు ఖాయం కాక కాసేపు టెన్షన్ పడ్డాను గాని, అమ్మ మొహం చూస్తే ఆగాలనిపించలేదు.

ప్రయాగ నుంచి కారులో యమునా తీరాన కోసం అనే పల్లెకు చేరాం. కౌశాంబి అరిగి అరిగి కోసం అయింది. ఇది ఆ నగరమేనని బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త కన్నింగ్‌హామ్ 19వ శతాబ్దంలోనే గుర్తించాడు. కొందరు ఒప్పుకోలేదు. తర్వాత జి.ఆర్. శర్మ ఆధ్వర్యంలో అలహాబాద్ విశ్వవిద్యాలయం తవ్వినప్పుడు, బుద్ధుడు బస చేసిన ఘోషితారామం అనే బౌద్ధ విహారం బయటపడింది, ఆ విహారం పేరున్న ముద్రతో సహా. ఊరు తన పేరు తానే చెప్పుకున్నట్టు! ఇంతకంటే రుజువు ఇంకేం కావాలి?

ఇక్కడ అమ్మ కోట ఏదని అడగలేదు. కోటగోడ మట్టిగట్టులా నగరాన్ని చుట్టి కిలోమీటర్ల కొద్దీ సాగుతోంది. ఇటుకల పునాదులు, ఒక అశోకస్తంభం, అవతల యమున. గట్టు మీద మేకలు కాస్తున్న ముసలామె మమ్మల్ని చూసి ఎక్కడి నుంచి వస్తున్నారని హిందీలో అడిగింది. నేను హైదరాబాద్ అనబోయాను.

ఈలోపే అమ్మ అందుకుంది, "హస్తినాపూర్ సే."