ముందు అద్దం మార్చాక లేన్ అసిస్ట్ పక్కకు లాగింది: నా అనుభవం

ముందు వెళ్తున్న లారీ చక్రం కింద నుంచి ఎగిరొచ్చిన రాయి తగిలి కారు ముందు అద్దం పగిలింది. మార్పించాను. డ్యాష్‌బోర్డు మీద ఏ లైటూ వెలగలేదు కాబట్టి పని అయిపోయిందనే అనుకున్నాను. రెండు రోజుల తర్వాత హైవే ఎక్కి లేన్ అసిస్ట్ (కారు లేన్ గీతల మధ్యే ఉండేలా స్టీరింగ్‌ని తనే కొద్దిగా తిప్పే సిస్టమ్) ఆన్ చేస్తే కారు మధ్యలో ఉండకుండా కుడి గీతను ఆనుకుని పోతోంది, నేను కాస్త ఎడమకు తిప్పితే స్టీరింగ్ మెత్తగా మళ్లీ కుడికే లాగుతోంది. పక్కనే బస్సు వెళ్తున్నప్పుడు అలా లాగేసరికి గుండె ఆగినంత పనైంది.

మొదట వీల్ అలైన్‌మెంట్ మీద అనుమానం వచ్చింది. రోడ్డు ఖాళీగా ఉన్న చోట అసిస్ట్ ఆపేసి స్టీరింగ్‌ని వదులుగా పట్టుకుని చూశాను, తిన్నగా వెళ్లింది. ఆన్ చేశాను, మళ్లీ కుడికి. అంటే తేడా చక్రాల్లో లేదు, కెమెరాలో ఉంది.

రియర్ వ్యూ మిర్రర్ వెనకాల ముందు అద్దాన్ని ఆనుకుని ఉండే చిన్న కెమెరాయే ఈ సిస్టమ్‌కి కళ్లు. నల్లటి రోడ్డుకీ తెల్ల గీతకీ ఉన్న తేడాని పట్టుకుని, ఏ గీత ఎంత దూరంలో ఉంది, ముందు రోడ్డు ఎటు వంపు తిరుగుతోంది అని లెక్కగట్టి, పవర్ స్టీరింగ్ మోటారుతో కొద్దిగా తిప్పిస్తుంది. ఆ కెమెరా ఒక్క డిగ్రీ పక్కకు తిరిగినా 50 మీటర్ల ముందు లెక్క దాదాపు 87 సెంటీమీటర్లు తప్పుతుంది. లేన్ వెడల్పే 3.5 మీటర్లు ఉంటే అది చిన్న తప్పు కాదు.

అద్దం మార్చినవాళ్లని అడిగితే "లైటు వెలగలేదు కదా సార్, నడిపే కొద్దీ అదే సర్దుకుంటుంది" అన్నారు. కొన్ని కార్లలో కెమెరా రోడ్డు మీద తిరుగుతూనే సరిచేసుకునే మాట నిజమే. కానీ నా కారు మాన్యువల్‌లో అద్దం మారిస్తే కాలిబ్రేషన్ (కెమెరా చూపుని కొలిచి మళ్లీ సరిచేయడం) చేయించాలని స్పష్టంగా రాసి ఉంది, ఇక వాళ్లతో వాదించకుండా వేరేచోటికి తీసుకెళ్లాను.

అక్కడ దగ్గరుండి చూశాను. ముందుగా టైర్లలో గాలి సరిచేశారు, డిక్కీలో ఉన్న సామానంతా దింపించారు, ఎందుకంటే వెనక బరువు పడితే కారు ముక్కు లేచి కెమెరా చూపు కూడా పైకి పోతుంది. తర్వాత కారుని సమతలంగా ఉన్న నేల మీద నిలబెట్టి, సరిగ్గా మధ్యరేఖకి ఎదురుగా, టేపుతో కొలిచి, నలుపు తెలుపు గళ్ల బోర్డు పెట్టారు. కొలతలో కాస్త తేడా వచ్చిందని ఆ బోర్డుని మూడుసార్లు జరిపాడు ఆ మెకానిక్, ఆ ఓపిక చూశాకే నాకు నమ్మకం కుదిరింది. చివరికి గీతలు బాగా కనిపించే రోడ్డు మీద కొంతసేపు నడిపి పూర్తిచేశారు.

ఇప్పుడు మధ్యలోనే వెళ్తోంది. అయితే ఈ గొడవంతా అయ్యాక అది ఎక్కడ ఆగిపోతుందో కూడా శ్రద్ధగా గమనిస్తున్నాను. రాత్రి వాన పడుతుంటే తడి రోడ్డు మీద ఎదురు లైట్ల మెరుపులో గీతలు కలిసిపోతాయి, డ్యాష్‌బోర్డులో పచ్చగా ఉన్న లేన్ గుర్తు చప్పుడు లేకుండా బూడిద రంగుకి మారుతుంది. చూసుకోకపోతే ఇంకా అదే నడుపుతోందనుకుంటాం, నాకు అన్నిటికంటే భయమేసేది ఇదే. పనులు జరిగే చోట పాత గీతలు సగం చెరిపి పక్కనే కొత్తవి వేస్తే ఏది నమ్మాలో దానికి తెలియదు. పగుళ్లలో పోసిన తారు చారలు కూడా ఎండలో మెరిసి గీతల్లాగే కనిపిస్తాయి. మలుపు బిగుతుగా ఉంటే దానికి ఇచ్చిన బలం సరిపోదు, మనమే తిప్పాలి.

ఇంకోటి, నేను రెండు చేతులతో పట్టుకున్నా "స్టీరింగ్ పట్టుకోండి" అని హెచ్చరిక వచ్చేది. నా కారులో సెన్సర్ చూసేది చేతి స్పర్శని కాదు, చేయి ఇచ్చే చిన్న ఒత్తిడిని, అందుకే కదలకుండా పట్టుకుంటే చేతులు లేవనుకుంటుంది. ఇండికేటర్ వేయకుండా లేన్ మారితే ఎదురు తోస్తుంది, వేస్తే వదిలేస్తుంది. ఈ రెండూ ఇంట్లో కారు నడిపే అందరికీ పక్కన కూర్చుని నేర్పించాను.

అద్దం మార్పించేవాళ్లు బిల్లు కట్టకముందే కాలిబ్రేషన్ చేశారా అని అడగండి, చేశామంటే ఆ రిపోర్టు ప్రింటు చూపించమనండి.