ఏనుగు మల్లమ్మ కొండ మీద మ్యూయాన్ల లెక్క

అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు మన గాలిని ఢీకొన్నప్పుడు పుట్టే సూక్ష్మ కణాలు మ్యూయాన్లు. ఎత్తుకు పోతే అవి ఎంత పెరుగుతాయో చూడాలని, తిరుపతిలో మేడ మీద ఒక రాత్రి వాటి లెక్క తీసుకుని, మర్నాడు భాకరాపేట ఘాట్, పీలేరు మీదుగా మదనపల్లె చేరి, అక్కణ్ణించి హార్స్‌లీ కొండ ఎక్కాం. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు అది ఏనుగు మల్లమ్మ కొండ. ఎత్తు సుమారు 1,265 మీటర్లు, అంటే తిరుపతి కంటే కిలోమీటరు పైచిలుకు. అంత ఎత్తుకే మ్యూయాన్లు పది శాతం అటూఇటూ పెరగాలి.

సామాను కొంచెమే: 5 సెంటీమీటర్ల చదరపు ప్లాస్టిక్ సింటిలేటర్ (కణం దూసుకుపోతే మెరిసే ప్లాస్టిక్) పలకలు రెండు, ఒక్కోదానికి ఆ మెరుపును విద్యుత్ సంకేతంగా మార్చే ఒక సిలికాన్ ఫోటోమల్టిప్లయర్, థర్మోకోల్ పెట్టె, థర్మామీటరు. పలక చుట్టూ ముందు తెల్ల టెఫ్లాన్ టేపు, దానిమీద నల్ల ఇన్సులేషన్ టేపు. మూలలో సూదిమొనంత సందు మిగిలినా వెలుతురు దూరి లెక్క పాడవుతుంది. టార్చి వేసి అంచులన్నీ చూసుకోవాలి.

పలకలు ఒకదాని మీద ఒకటి, మధ్య 5 సెంటీమీటర్ల ఎడం. రెండూ ఒకేసారి మెరిస్తేనే లెక్కలోకి తీసుకోవాలి. ఎందుకో కొండ మీద కళ్ళారా చూశాం. గదిలో మంచం మీదున్న పెట్టెను బయట బండ మీదికి మార్చగానే ఒంటి పలక లెక్క అమాంతం ఎగబాకింది. జంట లెక్క మాత్రం ఉన్నచోటే ఉంది. ఇది గ్రానైట్ జాతి రాయి. ఇందులోని పొటాషియం, థోరియం, యురేనియం గామా కిరణాలు వదులుతాయి. ఒకే గామా రెండు పలకల్లోనూ మెరవడం అరుదు, మ్యూయాన్ మాత్రం రెండింటినీ దూసుకుపోతుంది. తిరుమల కొండల క్వార్ట్‌జైట్‌లో పొటాషియం తక్కువ కాబట్టి, ఒంటి పలకను నమ్ముకుంటే రాయిలోని తేడానే ఎత్తు తేడా అనుకుంటాం.

చలి ఇంకో ఉచ్చు. చల్లబడితే ఫోటోమల్టిప్లయర్ సంకేతాలు పెద్దవై, చిన్నాచితకా మెరుపులు కూడా మనం పెట్టుకున్న కనీస హద్దు దాటి లెక్కలోకి వస్తాయి. అదీ సరిగ్గా మనం ఎదురుచూసే దిక్కుకే, అంటే కొండ మీద లెక్క పెరిగే వైపుకే! అందుకే థర్మోకోల్ పెట్టె, అందుకే గంటగంటకూ ఉష్ణోగ్రత రాసుకోవడం.

గాలిలో కనిపించే ఈ రేడియేషన్ నేల నుంచా, పైనుంచా అన్న చిక్కును 1912లో విక్టర్ హెస్ బెలూన్‌లో 5 కిలోమీటర్లు దాటి వెళ్ళి విప్పాడు. పైన ఎక్కణ్ణించి అన్నది మాత్రం పూర్తిగా తేలలేదు. మన పలకను తాకే మ్యూయాన్ మనవడి వరస: అంతరిక్ష ప్రోటాన్ గాలిలో పరమాణు కేంద్రకాన్ని ఢీకొంటే పయాన్లు, వాటినుంచి మ్యూయాన్లు. ఆ ప్రోటానే పాలపుంత అయస్కాంత క్షేత్రాల్లో వంకర్లు తిరిగి వస్తుంది కనుక, వచ్చిన దిక్కు చూసి దాని పుట్టిల్లు చెప్పలేం. దారి వంగనివి గామా కిరణాలు, న్యూట్రినోలు (విద్యుదావేశం లేని, దేన్నీ దాదాపు తాకని కణాలు). సూపర్‌నోవా అవశేషాలైన (పేలిన నక్షత్రాల శిథిలాలైన) ఐసీ 443, డబ్ల్యూ 44లలో ప్రోటాన్లు వేగం పుంజుకుంటున్న ఆనవాలు 2013లో అంతరిక్షంలోని ఫెర్మీ గామా టెలిస్కోపుకు గామాల్లోనే దొరికింది. కుప్పం దాటితే వచ్చే కోలార్ బంగారు గనుల లోతుల్లో 1965లోనే, కాస్మిక్ కిరణాలు మన గాలిలో పుట్టించిన న్యూట్రినోలను పట్టుకున్నారు.

జంట లెక్క నిమిషానికి ఐదారే. 2,500 పోగైతే పొరపాటు దాని వర్గమూలం 50, అంటే 2 శాతం. దానికి ఎనిమిది గంటలు పడుతుంది. మొదటి రాత్రి కొండ మీద గంటలోపే పరికరం ఆగింది. అది లాగే కరెంటు మరీ తక్కువ కావడంతో పవర్ బ్యాంకు తనంతట తానే ఆగిపోయింది. రెండో రాత్రి కరెంటు కాస్త ఎక్కువ లాగేలా పక్కన చిన్న యూఎస్‌బీ బల్బు తగిలించి, దాని వెలుతురు పలకలకు తగలకుండా దుప్పటి అవతల పెట్టాం. తెల్లారేదాకా ఆగలేదు.