ఫైల్‌సిస్టమ్ కోడ్‌లో బైట్ ఆర్డర్: నా అనుభవం

ఒక చిన్న లినక్స్ ఫైల్‌సిస్టమ్ మాడ్యూల్‌ని బిగ్ ఎండియన్ (సంఖ్యలోని పెద్ద విలువ బైట్‌ని ముందు పెట్టే) మెషీన్లలో కూడా నడిచేలా సరిచేశాను. లినక్స్ ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ2 లాగే దాని డిస్క్ ఫార్మాట్ లిటిల్ ఎండియన్, అంటే చిన్న విలువ బైట్ ముందు. అదే ఆర్డర్ వాడే ఎక్స్86 మీద ఏ ఇబ్బందీ లేకుండా నడిచేది. చిక్కంతా అక్కడే ఉంది. డిస్క్ ఆర్డర్ నుంచి సీపీయూ ఆర్డర్‌కి మార్చే ఎల్ఈ32_టు_సీపీయూ ఎక్స్86లో ఒక్క ఇన్‌స్ట్రక్షన్ కూడా పుట్టించదు, కాబట్టి దాన్ని మరిచిపోయినా, రెండుసార్లు రాసినా ఫలితం ఒకటే. బిగ్ ఎండియన్ అయిన ఎస్390ఎక్స్ (ఐబీఎమ్ మెయిన్‌ఫ్రేమ్) మీద మాత్రం 4096 అన్న బ్లాక్ సైజు 10,48,576 అయి కూర్చుంటుంది.

ముందు టైపులు మార్చాను. డిస్క్ మీదికి వెళ్లే స్ట్రక్చర్లలో యూ32 (32 బిట్ల మామూలు సంఖ్య) ఉన్న ప్రతిచోటా __ఎల్ఈ32 (లిటిల్ ఎండియన్ అని గుర్తు ఉన్న టైపు), యూ16 ఉన్నచోట __ఎల్ఈ16. తర్వాత కెర్నల్ కోడ్‌ని తనిఖీ చేసే స్పార్స్ అనే టూల్‌తో మేక్ సీ=2. సీ=1 ఇస్తే మళ్లీ కంపైల్ అయ్యే ఫైళ్లనే చూస్తుంది, సీ=2 అన్నిటినీ చూస్తుంది. కెర్నల్ 4.10 కంటే పాతదైతే ఎండియన్ చెక్‌ని విడిగా ఆన్ చేయాలి. వచ్చిన హెచ్చరికలే పనుల జాబితా. వాటిని __ఫోర్స్ క్యాస్ట్‌తో నోరు మూయించకూడదు. 32 బిట్ల ఫీల్డ్‌కి ఎల్ఈ16_టు_సీపీయూ వాడిన చోట్లు కూడా ఇందులోనే బయటపడతాయి: విలువ చిన్నదైతే ఎక్స్86లో సరైన జవాబే వస్తుంది, బిగ్ ఎండియన్‌లో సున్నా వస్తుంది.

ఇక ఎక్కడ మార్చాలన్నదే అసలు ప్రశ్న. సైజు, లింక్ కౌంట్ లాంటివి పదేపదే వాడతాం గనుక, ఐనోడ్ (ఫైల్ వివరాల రికార్డు) చదివేటప్పుడే ఒక్కసారి మార్చి మెమరీలోని ఐనోడ్‌లో పెట్టేస్తాను. బఫర్‌లోని బ్లాక్‌ని మాత్రం ఉన్నచోటే బైట్లు తిప్పెయ్యకూడదు. అదే బఫర్‌ని ఇంకో కోడ్ చదివితే మళ్లీ తిప్పుతుంది. అది డర్టీ (డిస్క్‌కి తిరిగి రాయాల్సినది) అయితే తిరగబడిన అంకెలే డిస్క్‌కి పోతాయి.

మార్చనక్కర్లేని చోట్లు చాలా ఉంటాయి. సున్నా ఏ ఆర్డర్‌లోనైనా సున్నాయే. మ్యాజిక్ నంబర్‌నో (ఫార్మాట్‌ని గుర్తుపట్టే స్థిర సంఖ్య) ఫ్లాగ్‌నో పోల్చేటప్పుడు ఫీల్డ్‌ని కాక కాన్‌స్టంట్‌ని సీపీయూ_టు_ఎల్ఈ32లో పెట్టాలి. ఆ మార్పు కంపైల్ సమయంలోనే అయిపోతుంది, రన్‌టైమ్‌లో ఖర్చుండదు. ఈఎక్స్‌టీ2 కోడ్ చూడండి: ఇండైరెక్ట్ బ్లాకుల (వేరే బ్లాకుల నంబర్లు దాచే బ్లాకులు) గొలుసులో కీని, అంటే బ్లాక్ నంబర్‌ని, డిస్క్ ఆర్డర్‌లోనే ఉంచుతుంది. ఆ గొలుసుని సరిచూసే వెరిఫై_చెయిన్ ఫంక్షన్ రెండు కీలు సమానమా కాదా అని మాత్రమే చూస్తుంది కాబట్టి మార్చే అవసరమే రాదు. చిన్నదా పెద్దదా అని చూడాలన్నా, కూడాలన్నా మార్చక తప్పదు. ఉన్నచోటే కూడే కౌంటర్లకి ఎల్ఈ32_యాడ్_సీపీయూ ఉంది. బిగ్ ఎండియన్ ఫార్మాట్ అయిన ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లో బీఈ32_యాడ్_సీపీయూ వాడతారు.

నిజానికి తిప్పడం అంత ఖరీదైన పని కాదు. ఎక్స్86లో బీస్వాప్, ఎస్390ఎక్స్‌లో తిప్పుతూనే లోడ్ చేసే ఎల్ఆర్‌వీ, ఏదైనా ఒక్క ఇన్‌స్ట్రక్షనే. దాన్ని తప్పించుకోవడానికి టైపులని గజిబిజి చేయడం నాకు నచ్చదు.

స్పార్స్‌కి చిక్కనిది బిట్‌మ్యాప్ (ఏది వాడుకలో ఉందో ఒక్కో బిట్‌తో గుర్తుంచుకునే పట్టిక). మామూలు సెట్_బిట్ అన్‌సైన్డ్ లాంగ్ మీద పనిచేస్తుంది. 64 బిట్ల బిగ్ ఎండియన్‌లో బిట్ 0 ఆ లాంగ్‌లోని ఎనిమిదో బైట్‌లో పడుతుంది, డిస్క్ ఫార్మాట్‌కేమో అది మొదటి బైట్‌లో ఉండాలి. సెట్_బిట్_ఎల్ఈ బిట్ నంబర్‌ని 56తో ఎక్సార్ చేసి దీన్ని సరిచేస్తుంది. కాబట్టి సెట్, క్లియర్, టెస్ట్, ఫైండ్ అన్నిటికీ _ఎల్ఈ రూపాలే పెట్టాను. చెక్‌సమ్‌ని కూడా డిస్క్ మీద ఉండే బైట్ల మీదే లెక్కించాలి.

పరీక్షకి క్యూఈఎమ్‌యూ అనే ఎమ్యులేటర్‌లో ఎస్390ఎక్స్ చాలు. ఇమేజ్‌ని ఎక్స్86లో తయారుచేసి, ఎస్390ఎక్స్‌లో మౌంట్ చేసి, ఫైళ్లు రాసి, కొన్ని చెరిపి, అన్‌మౌంట్ చేశాక మళ్లీ ఎక్స్86లో ఎఫ్‌ఎస్‌సీకే (ఫైల్‌సిస్టమ్‌లో తప్పులు వెతికే ప్రోగ్రామ్) నడపాలి. తర్వాత అటునుంచి ఇటు కూడా అలాగే. రాయడం, చదవడం రెండూ ఎస్390ఎక్స్‌లోనే చేస్తే, రెండు వైపులా ఒకేలా తప్పిన కోడ్ కూడా పాసైపోతుంది.