మట్టి ఒత్తి

పర్లాకిమిడి, ఆదివారం

దోమల మిషన్ సీసాలో మందు సగం ఉండగానే ఒత్తి మూసుకుపోతుంది. రిపేరుకి తెచ్చేవాళ్ళలో చాలామంది మిషనే పోయిందనుకుంటారు. విప్పి చూస్తే రింగు వేడెక్కుతూనే ఉంటుంది, లైటు వెలుగుతూనే ఉంటుంది. ఒత్తి కొస మాత్రం జిగురు పట్టి నల్లగా బిగుసుకుపోయి ఉంటుంది. ఇక మందు పైకి ఎక్కదు. ఒడిశాలోని మా గజపతి జిల్లాలో దోమ అంటే చిన్న సంగతి కాదు. కొండ ఊళ్ళ నుంచి చలిజ్వరంతో వణుకుతూ ఆసుపత్రికి దిగేవాళ్ళని చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. డబ్బు పెట్టి కొన్న మందు సగం సీసాలోనే ఉండిపోతుంటే నాకు కష్టంగా ఉంటుంది.

దారి చూపించింది వేరే వస్తువు. సంక్రాంతికి వైజాగ్ నుంచి వచ్చిన మా మేనల్లుడి దగ్గర, వాడి స్నేహితుడు వాడి పారేసిన వేప్ పాడ్, అంటే ఈ-సిగరెట్‌లో ద్రవం ఉండే డబ్బీ, ఒకటి ఉంది. విప్పి చూశాను. లోపల వేలిగోరంత తెల్లటి పింగాణీ దిమ్మ. పైనుంచి ద్రవాన్ని పీల్చుకుంటుంది, అడుగున అతికించిన సన్నటి లోహపు గీత వేడెక్కి ఆ ద్రవాన్ని ఆవిరి చేస్తుంది. పాత రకాల్లో దూదికి తీగ చుట్టేవాళ్ళు. ద్రవం అందకపోతే దూది మాడుతుంది. పింగాణీ మాడదు. భూతద్దం పెట్టి చూస్తే దిమ్మ నిండా సన్నటి రంధ్రాలు, ఒకదానిలోంచి ఒకటి. వేడి ఎంత వేగంగా ఆవిరి చేస్తుందో అంత వేగంగా ద్రవం అందాలి, అంతకు మించి కారకూడదు. ఆ లెక్క రంధ్రాల సైజులో ఉంది.

"మావయ్యా, మట్టేగా, మనమే చేసేద్దాం" అన్నాడు వాడు. కుదరదన్నాను. 2019 చట్టం ప్రకారం ఈ దేశంలో ఈ-సిగరెట్ల తయారీ, అమ్మకం, దిగుమతి, నిల్వ, ప్రకటన అన్నీ నిషేధం. చట్టం అలా ఉంచినా, ఇంట్లో కాల్చిన మట్టి ఎప్పుడు పొడి రాలుస్తుందో ఎవరూ చెప్పలేరు. ఆ పొడిలో ఉండేది సిలికా, అది ఊపిరితిత్తుల్లో చేరితే మళ్ళీ బయటికి రాదు. అమెరికాలో వేపింగ్‌తో ఊపిరితిత్తులు దెబ్బతిన్న కేసులు 2020 ఫిబ్రవరి నాటికి 2,807, అందులో 68 మంది పోయారు. గంజాయి నూనెల్లో కలిపిన విటమిన్ ఈ ఎసిటేట్ దానికి ముఖ్య కారణమని తేలింది. ఇదంతా వాడిని కూర్చోబెట్టి చెప్పాను. నోట్లో పెట్టుకుని పీల్చే వస్తువు నా బల్ల మీద తయారు కాదు. గది మూల ప్లగ్గుకి పెట్టే దోమల మిషన్ ఒత్తి అయితే చేస్తాను.

రంధ్రాలు కావాలంటే మట్టిలో కాలిపోయేది ఏదైనా కలపాలి. 1981లో గ్వాటెమాలాలో ఫెర్నాండో మజరీగోస్ మంచినీళ్ళ మట్టి ఫిల్టరు చేసింది ఈ పద్ధతిలోనే. మనకి ధాన్యం ఊక ఉండనే ఉంది. పాతపట్నం మిల్లు నుంచి తెచ్చిన ఊకని దంచి, పల్చటి గుడ్డలో జల్లించి, బంకమట్టిలో కలిపాను. పాత జంతికల గొట్టానికి ఒకే బెజ్జం ఉన్న బిళ్ళ బిగించి కడ్డీలు ఒత్తాను. మట్టి ఆరినప్పుడు కొంత, కాలినప్పుడు కొంత కుంచించుకుపోతుంది కాబట్టి బెజ్జం ఒత్తి కన్నా కాస్త పెద్దదే పెట్టుకోవాలి.

కుమ్మరి వీధి అప్ప ముద్దని వేళ్ళ మధ్య నలిపి చూసింది. "ఊక ఎక్కువేసీసినావు తమ్ముడూ. కాల్తే బొరుగులా నలిగిపోద్ది" అంది. సగానికి తగ్గించాను. ఈలోగా వాళ్ళ కోడలు ఒడియాలో ఏదో అడిగితే అప్ప తెలుగులో బదులిచ్చింది. మా ఊళ్ళో చాలా ఇళ్ళల్లో ఇంతే.

అప్ప కుండలు కాల్చే ఆవం చల్లారిందని కబురొస్తే ఇవాళ పొద్దున్నే వెళ్ళాను. మూకుట్లో పేర్చిన కడ్డీలు ఎర్రగా వచ్చాయి. అప్ప ఒకటి తీసి పుటుక్కున విరిచింది. పైన ఎరుపు, నడిమధ్యన పెన్సిల్ ములుకంత నలుపు. ఊక అక్కడ పూర్తిగా కాలలేదు, బొగ్గుగా మిగిలి రంధ్రాలని మూసేసింది. మంట తొందరగా లేస్తే గాలి లోపలికి అందేలోపే పైపొర బిగిసిపోతుందట. మట్టిలో పట్టి ఉన్న నీరు 450 నుంచి 600 డిగ్రీల మధ్య వదిలిపోతుందని, అక్కడి నుంచి ఎంత నానినా అది మళ్ళీ మట్టి కాదని నేను చదివాను. అప్పకి అంకెలతో పని లేదు, పొగ రంగు చూసి పిడక తోస్తుంది. ఆవం అంచున, గాలి బాగా తగిలే చోట పెట్టిన కడ్డీలు లోపలంతా ఎర్రగానే ఉన్నాయి.

అందులో ఒకదాన్ని కంసాలి తక్కెట్లో తూపించాను, 12 గ్రాములు. నీళ్ళల్లో బాగా ఉడకబెట్టి, పైతడి తుడిచి మళ్ళీ తూస్తే 15. బరువులో నాలుగో వంతు నీరు తాగిందన్నమాట. తర్వాత ఎర్రసిరా కలిపిన నీళ్ళల్లో ఎండు కడ్డీని నిలబెట్టాను. మొదటి అంగుళం చకచకా ఎక్కింది, ఆ పైన నెమ్మదించింది. ఎక్కే ఎత్తు రెట్టింపు కావాలంటే దాదాపు నాలుగింతల సమయం పడుతుంది, అది లూకాస్, వాష్‌బర్న్‌ల సూత్రం. పుస్తకంలో చూసిన లెక్క ఎర్రగా కళ్ళ ముందు ఎక్కుతుంటే షాపు తెరవడం కూడా ఆలస్యమైంది.

మధ్యాహ్నం సీసాకి బిగించాను. రింగు లోపల ఉండేది కూడా పింగాణీయే, బేరియం టైటనేట్ బిళ్ళ. వేడి ఒక హద్దు దాటగానే దాని నిరోధం అమాంతం పెరిగి కరెంటు తగ్గిపోతుంది, అందుకే ఆ మిషన్‌కి వేరే థర్మోస్టాట్ అక్కర్లేదు. ఒత్తి ఆ బిళ్ళకి తగలకుండా చుట్టూ సమానంగా ఖాళీ ఉండాలి. నా కడ్డీ కొంచెం వంకర. ఆకురాయితో నూరి సరిచేశాను, ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని, నీళ్ళు చల్లుతూ. పొడిగా నూరితే లేచే దుమ్ము మంచిది కాదు.

సాయంత్రం వరండాలో పెట్టి చూస్తే కొస తడిగా ఉంది, కారడం లేదు, వాసన వస్తోంది. కిటికీలు తీసే ఉంచాను. మట్టి ఒత్తి వచ్చిందని దోమతెర తీసేయడానికి లేదని ఇంట్లో గట్టిగా చెప్పాను. మలేరియాకి తెరే ముందు.

జిగురు దీనికీ పడుతుంది, ఎన్నాళ్ళకి పడుతుందో వాడితే గానీ తెలియదు. కానీ పట్టినా పారేయక్కర్లేదు. అప్ప ఆవంలో కుండల పక్కన మళ్ళీ పెడితే జిగురంతా కాలిపోతుంది. ఇంటి పొయ్యి మీద మాత్రం వద్దు, అది పురుగుమందు. వచ్చే ఆవానికి ఊక ఇంకా మెత్తగా దంచి, కడ్డీలన్నీ గాలి తగిలే అంచునే పెట్టించాలి. వంకర పోకుండా ఇసకలో పడుకోబెట్టి ఆరబెట్టమని అప్ప చెప్పింది. ఇసకకి రేపు మహేంద్రతనయ ఒడ్డుకి వెళ్ళాలి.