లేక కాదు, ఇవ్వక

"మన దగ్గర డబ్బుల్లేవా, నీకు కొనాలని లేదా?" అని అడిగాడు మా ఆరేళ్ళ చిన్నోడు. బొమ్మ అడిగితే "డబ్బుల్లేవు నాన్నా" అనేశాను మరి. నా కోసం ఫోన్లో ఏదో ఆర్డర్ పెట్టడం వాడు అప్పుడే చూశాడు. వాళ్ళక్క తలెత్తకుండానే "కొనాలని లేదంతే" అని తీర్పు చెప్పేసింది.

మా చిన్నప్పుడు అడిగినవన్నీ దొరకవన్న పాఠం ఎవరూ చెప్పలేదు. నాన్న మొహం చూస్తే తెలిసిపోయేది. సగం కోరికలు అడక్కముందే మింగేసేవాళ్ళం. అదేదో మా సుగుణమైనట్టు పిల్లల ముందు గొప్పలు పోతుంటాను గానీ, వేరే దారేముంది అప్పుడు? వీళ్ళకి నేర్పాలంటే ఉన్నది దాచి లేమిని నటించాలి. నటన నాకు చేతకాదు.

అందుకే ఓ చార్టు మీద గీత గీసి ఒకవైపు అవసరాలు, రెండోవైపు సరదాలు రాయించాను. నీళ్ళు, దుప్పటి, బడి ఇటు, బొమ్మలు అటు. "మరి నీ కొత్త ఫోను?" అంది అక్క. అవసరమే అన్నాను. "పాతది పనిచేస్తోందిగా, తమ్ముడు దాంట్లోనే ఆడుకుంటున్నాడు." ఫోను సరిగ్గా గీత మీద రాశాం.

ఆ గీత ఊరూరికీ మారుతుందని ఆర్థికశాస్త్రవేత్త ఆడమ్ స్మిత్ 1776లోనే చెప్పాడు. తోలు బూట్లు లేకుండా నలుగురిలోకి రావాలంటే ఇంగ్లండులో ఎంత పేదవాళ్ళయినా, ఆడా మగా, సిగ్గుపడతారు కాబట్టి అవి అక్కడ అవసరం. స్కాట్లండులో మగవాళ్ళకి అవసరమే గానీ పేద ఆడవాళ్ళకి కాదు. ఫ్రాన్సులో ఇద్దరికీ కాదు. ఇది చదివాక కాస్త ఇబ్బందిగా అనిపించింది. క్లాసులో అందరికీ ఉన్న షూసే కావాలని మా అమ్మాయి ఏడ్చినప్పుడు "అందరూ కొంటే నువ్వూ కొనాలా?" అని కసిరాను. క్లాసులో మిగతావాళ్ళతో చూస్తే దాని పేరు వేరు, రంగు వేరు, ఇంట్లో మాట వేరు. కాళ్ళకైనా అందరిలాంటివి కావాలనుకోవడం సరదా ఎలా అవుతుంది?

పోనీ, కొనకపోయినా ఆగడం నేర్పుదామనుకుంటే అక్కడా నాకే మొట్టికాయ. పిల్లల ముందు మార్ష్‌మాలో అనే మెత్తటి మిఠాయి పెట్టి, ఇప్పుడే తింటే ఒకటి, ఆగితే రెండు అనే పరీక్ష చాలామందికి తెలిసిందే. 2013లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు దానికి ముందు ఇంకో మెలిక పెట్టారు. మంచి రంగులు తెస్తామని పిల్లలకి మాటిచ్చి, సగం మందికి తెచ్చారు, మిగతా వాళ్ళకి లేవన్నారు. మొత్తం 28 మంది. మాట నిలబెట్టుకున్న మనిషి దగ్గర పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు, తప్పిన మనిషి దగ్గర 3 నిమిషాలు. "వచ్చే నెల చూద్దాంలే" అని నేను దాటేసినవెన్నో! నా దగ్గర ఎవరైనా ఎందుకు ఆగాలి?

అందుకని షూస్ సంగతి ఈసారి తారీఖు చెప్పి మరీ ఒప్పుకున్నాను. పిల్ల మారుమాట్లాడలేదు. "ఆఫర్ ఉంది, ఇవాళే కొనేద్దాం" అని వాళ్ళ నాన్న గొడవ. వద్దన్నాను. అవసరమని ఒప్పుకున్నాక ఇంకా ఎందుకాపుతున్నావంటే, మొండితనం తప్ప కారణం దొరకట్లేదు నాకు.