బంతి ఇల్లులో ఉంది

నిన్న సాయంత్రం మా పాప నా మోకాళ్ళ దగ్గరికొచ్చి నిలబడి, చాలా ముఖ్యమైన విషయం చెబుతున్నట్టు మొహం పెట్టి, "నాన్నా, బంతి ఇల్లులో ఉంది" అంది. నేను బంతి సంగతి వదిలేసి ముందు లేచి వెళ్ళి నోట్‌బుక్‌లో ఆ మాట రాసుకున్నాను. వాళ్ళమ్మ "ముందు బంతి వెతికివ్వు, ఏడుస్తుంది" అంది కానీ, అప్పుడు రాయకపోతే పావుగంటలో మర్చిపోతానని నా భయం.

ఇల్లులో. ఈ మాట తను ఎక్కడా విని ఉండదు, ఎందుకంటే తెలుగు మాట్లాడే పెద్దవాళ్ళెవరూ ఇల్లులో అనరు, ఇంట్లో అంటారు. అంటే ఎవరో అన్నది తిరిగి అనడం కాదిది, తనే తయారుచేసుకుంది. పెట్టె, పెట్టెలో. సంచి, సంచిలో. బకెట్, బకెట్‌లో. మరి ఇల్లు అయితే ఇల్లులోనే కదా! పుట్టి 26 నెలలైన పిల్ల, ఎవరూ కూర్చోబెట్టి చెప్పకుండా, భాషలో ఒక సూత్రాన్ని పట్టుకుని దాన్ని కొత్త మాటకి అతికించి చూసింది. ఇల్లు ఎందుకు ఇంట్లో అవుతుందో, నోరు ఎందుకు నోట్లో అవుతుందో నన్నడిగితే నేను చెప్పలేను, అలవాటు, అంతే. తను మాత్రం ఆలోచించి మాట్లాడుతోంది.

ఇంకో సంగతేంటంటే, రెండు మూడు నెలల క్రితం ఇదే పిల్ల "ఇంట్లో" అని చక్కగా అనేది. "చేతులు" అని కూడా అనేది. ఇప్పుడు ఒక చెయ్యి చూపిస్తే చెయ్యి, రెండూ చాపితే "చెయ్యిలు". మొదట్లో నాకు కొంచెం టెన్షన్ వచ్చింది, వచ్చిన మాటలు పోతున్నాయేమో అని. తర్వాత చదివితే తెలిసింది, ఇది చాలా భాషల్లో చాలామంది పిల్లలు చేసే పనే అట. ముందు మనం అన్నది అన్నట్టు గుర్తుపెట్టుకుని సరిగ్గా అంటారు, తర్వాత నియమం కనిపెడతారు, కనిపెట్టాక దాన్ని అన్నిటికీ వాడేసి తప్పులు మొదలుపెడతారు, ఆ తర్వాత నెమ్మదిగా మినహాయింపులు ఒక్కొక్కటే నేర్చుకుంటారు. అప్పుడు సరిగ్గా అన్న "చేతులు" కంటే ఇప్పటి "చెయ్యిలు" ఒక మెట్టు పైనుంది. అది తెలిసిన రోజు నేను పడ్డ సంబరం ఇంతా అంతా కాదు.

అప్పట్నుంచి నోట్‌బుక్‌లో రాసేవి మారిపోయాయి. అంతకుముందు అన్నీ "మొదటి"వే ఉండేవి: మొదటి పన్ను, మొదటిసారి బోర్లా పడింది, మొదటిసారి పాకింది, పక్కన తేదీ. అవీ ముద్దే, కాదనను. కానీ ఇప్పుడు ఆ పేజీలు తిరగేస్తే తేదీలు తప్ప పిల్ల కనబడదు. తప్పులు రాసిన పేజీల్లో అయితే తను ఏం ఆలోచించిందో కూడా దొరుకుతుంది.

డార్విన్ కూడా తన పెద్దకొడుకు పుట్టినప్పుడు ఇలాగే రాసుకున్నాడు. బాబు పుట్టింది 1839లో, ఆ నోట్సు వ్యాసంగా అచ్చయింది 1877లో. తొమ్మిది నెలలు నిండకముందే పేరు పెట్టి పిలిస్తే బాబు అద్దం వైపు తిరిగేవాడట, అదీ రాసిపెట్టాడు. అంత పెద్ద శాస్త్రవేత్త పిల్లాడి పక్కన కూర్చుని, వాడు ఎటు తిరుగుతున్నాడో చూస్తూ ఉన్నాడంటే నాకెందుకో చాలా దగ్గరవాడిలా అనిపించాడు.

నడక విషయంలో మాత్రం అప్పట్లో ఇంత నిబ్బరం లేదు నాకు. 14 నెలలు దాటినా పట్టుకునే నడిచేది, చెయ్యి వదిలితే చటుక్కున కూర్చుండిపోయేది. చూసినవాళ్ళంతా "ఇంకా నడవట్లేదా" అని అడిగేవాళ్ళు, అడిగిన ప్రతిసారీ ఆ రాత్రి నాకు నిద్ర ఉండేది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన లెక్కల్లో, ఆరోగ్యంగా ఉన్న పిల్లలు దాదాపు అందరూ సొంతంగా నడక మొదలుపెట్టే కాలం 8.2 నెలల నుంచి 17.6 నెలల దాకా ఉంది. అంత తేడా మామూలే అని ముందే తెలిస్తే ఎంత బాగుండేది! పదిహేనున్నర నెలలప్పుడు తనంతట తనే సోఫా వదిలి నాలుగు అడుగులేసింది. కారెన్ అడాల్ఫ్ అనే పరిశోధకురాలి బృందం 2012లో ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది, 12 నుంచి 19 నెలల పిల్లలు ఆడుకునేటప్పుడు సగటున గంటకి 2,368 అడుగులు వేశారట, 17 సార్లు పడ్డారట. గంటకి పదిహేడు! మా పాప వెనకాల తిరిగిన ఆ నెలంతా గుర్తొస్తే ఆ అంకె నాకు కొంచెం కూడా ఎక్కువనిపించదు. పడటం, లేవడం, చేతులు ఒకసారి చూసుకోవడం, మళ్ళీ బయల్దేరడం. మొన్నటిదాకా లేని పట్టుదల ఆ పిల్లలో ఎక్కణ్ణుంచి వచ్చిందా అనుకునేవాణ్ణి.

పట్టుదల అంటే పోయిన ఆదివారం సంగతి చెప్పాలి. రంగు పెన్సిళ్ళ డబ్బా మూత పెడుతోంది. నలుచదరపు మూత. మొదట తలకిందులుగా పెట్టింది, జారిపోయింది. తిప్పి పెట్టింది, ఒక మూల పట్టింది, రెండో మూల లేచింది. రెండో మూల నొక్కితే మొదటిది లేచింది. నాలుక కొంచెం బయటికొచ్చింది, కుడిచేతి వేళ్ళు తెల్లబడేలా నొక్కుతోంది. నా చేతులు ఊరుకోవట్లేదు, ఒక్క సెకనులో పెట్టేయగలను కదా, అందుకే వెనక్కి కట్టుకుని కూర్చున్నాను. ఉన్నట్టుండి తను ఆగి డబ్బాని నేలమీంచి ఒళ్ళోకి తీసుకుంది, పొట్టకి ఆనించింది, రెండు అరచేతులూ మూత మీద పెట్టి బరువంతా వేసింది. టక్‌మంది. నావైపు చూడనుకూడా చూడలేదు. మూత పీకేసి మళ్ళీ మొదలుపెట్టింది. అలా ఆరుసార్లు. పొట్టకి ఆనించుకుంటే డబ్బా కదలదని తనకి ఎవరు చెప్పారు? మాలో ఎవరమూ అలా పెట్టం.

అన్నిటికంటే నాకు ఇష్టమైన తప్పు ఇంకోటుంది. ఎత్తుకోమని అడగాలంటే చేతులు రెండూ పైకి చాపి "నిన్ను ఎత్తుకో" అంటుంది. బొమ్మ కావాలంటే "నీకు కావాలి". మొదట వాళ్ళమ్మా నేనూ నవ్వుకున్నాం, తర్వాత ఆలోచిస్తే తను చేస్తున్నది ఎంత సబబో అర్థమైంది. మేం రోజంతా తనతో అనేదేంటి? "నీకు కావాలా? నిన్ను ఎత్తుకోనా?" తను విన్నంతవరకు "నువ్వు" అంటే తనే. మేం ఒకరినొకరం కూడా నువ్వనే అనుకుంటాం, ఎవరు పలికితే వాళ్ళకి "నేను" అవుతుంది, ఒకే మాట మనిషిని బట్టి ఇటూ అటూ గెంతుతుంది. కుర్చీ ఎవరన్నా కుర్చీయే, కానీ నేను, నువ్వు అలా కాదు. ఇంత మెలిక ఉందని నాకు ఇన్నేళ్ళూ తట్టనే లేదు. దిద్దాలా వద్దా అని కొన్నాళ్ళు మేమిద్దరం మాట్లాడుకున్నాం. దిద్దట్లేదు. తను "నిన్ను ఎత్తుకో" అంటే నేను "నన్ను ఎత్తుకో అంటోందా నా తల్లి" అని ఎత్తుకుంటాను, అంతవరకే.

ఈ రోజు పొద్దున ఆఫీసుకి బయల్దేరుతుంటే గుమ్మం దగ్గర అడ్డంగా నిలబడింది. చేతులు చాపి "నిన్ను..." అని ఆగిపోయింది. నా మొహం చూసింది. తన అరచెయ్యి తన గుండెల మీద రెండుసార్లు తట్టుకుంది. "నన్ను. నన్ను ఎత్తుకో."

బ్యాగు కింద పడేసి ఎత్తుకున్నాను, చాలాసేపు దించలేదు. చంకలో తనతోనే వచ్చి నోట్‌బుక్ తెరిచి, పెన్ను తీసి తేదీ వేస్తున్నాను. తను వంగి ఆ పెన్ను వైపు చెయ్యి చాపి, "నీకు కావాలి" అంది.

పెన్ను ఇచ్చేశాను.